డెబ్భై సీట్ల విమానం

పొద్దు వాలిన తరువాత ఊత్తుకోటలో మిద్దెమీద కూర్చుంటే మీనంబాకం వైపు పోయే విమానాల దీపాలు కనబడుతాయి. పిల్లలు వాటిని లెక్కపెడుతారు. పెద్దలు ఒకసారి తల యెత్తి చూచి మళ్ళీ తమ మాటల్లో పడిపోతారు. కింద నుంచి చూచేవారికి అన్నీ ఒకటే. ఒక యెర్ర దీపం, ఒక పచ్చ దీపం, కొంచెం చప్పుడు, అంతే.

కాని రోడ్డు మీద నడిచే వాహనాల్లో ఎన్ని రకాలున్నవో ఆకాశంలోను అన్ని రకాలున్నవి. మన ఊరి నుంచి సత్యవేడుకు పోవలసినవాడు షేరు ఆటో ఎక్కుతాడు. తిరుపతికి పోవలసినవాడు పెద్ద బస్సు కోసం నిలబడుతాడు. ఆటోలో నలభైమంది పట్టరు. నలుగురి కోసం పెద్ద బస్సు తోలితే డీజిలు ఖర్చుకు కూడా రాదు. విమానాల సంగతీ ఇంతే. నూట ఎనభై మందిని మోసే పెద్ద జెట్టుకూ, రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానానికీ నడుమ డెబ్భై నుంచి నూట ఇరవై మంది దాకా పట్టే ఒక మధ్యరకం జెట్టు ఉంది. దానిని ప్రాంతీయ జెట్టు అంటారు. ఈ రకం విమానాలను నమ్ముకొని మన దక్షిణాదిలో రెండు సంస్థలు పుట్టినాయి, ఒకటి మదరాసులో, ఒకటి బెజవాడలో. రెండూ ఇప్పుడు లేవు. అవి ఎందుకు పుట్టినవి, ఎందుకు పోయినవి అన్నది మాకు తెలిసినంతలో పాఠకులకు విన్నవించాలని ఈ వ్యాసం.

మాకు దీనితో పని ఏమిటి?

విమానాల మీద గుమాస్తాలకు అంత మోజేమిటని కొందరు అడగవచ్చు. మా కారణం మేము చెబుతాము.

2015లో ఒకనాడు తెల్లవారుజామున బెజవాడ నుంచి ఫోను వచ్చింది. మా మేనమామ పోయినాడు. మా అమ్మకు తోడబుట్టినవాడు ఆయన ఒక్కడే. సాయంకాలం నాలుగు గంటలకు ఎత్తుతామనీ, అంతకంటే ఆపడానికి వీలులేదనీ చెప్పినారు. ఊత్తుకోట నుంచి మదరాసు చేరి రైలు పట్టుకొంటే బెజవాడకు సుమారు 430 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. ఏ విధంగా లెక్క వేసినా చీకటి పడకముందు చేరేది లేదు. మా అమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చుని, "ముఖం చూడనియ్యరు కదరా" అని ఒక్క మాట అన్నది.

మా తమ్ముడు టిక్కెట్ల కోసం వెతికి, మదరాసు నుంచి బెజవాడకు ఒక చిన్న జెట్టు ఉన్నదని కనుక్కున్నాడు. కారు మాట్లాడుకొని మీనంబాకం చేరినాము. అమ్మకు అదే మొదటి విమానం. లోపల అడుగు పెట్టి ఇటూ అటూ చూచి, "ఏమిరా, ఇది మన తిరుపతి బస్సు మాదిరే ఉందే!" అన్నది. నిజమే. నడుమ దారి, ఇటు రెండు సీట్లు, అటు రెండు సీట్లు. పరాయివాళ్ళ ఇద్దరి మధ్య ఇరుక్కొనే సీటు ఒక్కటి కూడా లేదు. అమ్మ కిటికీ వైపు, మేము దారి వైపు కూర్చున్నాము. గంట సేపటికి గన్నవరంలో దిగినాము. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటి ముందు ఉన్నాము. అమ్మ తన అన్న ముఖం చూచింది.

ఆ విమానం గురించి అమ్మ మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే "పోయి చూసి వచ్చినాను" అంటుంది, అంతే. కాని రెండేండ్లు తిరగకముందే ఆ విమానాలు నడిపిన సంస్థ మూతపడిందని పత్రికలో చదివినప్పుడు మాకు మనసు కలుక్కుమన్నది. అక్కరకు వచ్చిన వస్తువు ఎందుకు నిలవలేదని అప్పటి నుంచి మా ఆలోచన.

ఒకే తల్లి పిల్లలు నలుగురు

ముందు ఆ విమానాన్ని గురించి చెబుతాము. అది బ్రెజిలు దేశంలో తయారైనది. అక్కడ సావో జోసే దోస్ కాంపోస్ అనే ఊరిలో 1969లో ప్రభుత్వం వారు ఎంబ్రాయరు అనే కంపెనీ పెట్టినారు. మొదట పంకాల విమానాలు చేసేవారు. 1990 ప్రాంతాలలో కంపెనీ అప్పుల్లో మునిగిపోయే స్థితికి వచ్చింది. 1994లో ప్రభుత్వం దానిని ప్రైవేటువారికి అమ్మివేసింది. 1995లో యాభై సీట్ల జెట్టు ఒకటి ఎగిరింది. దాని పేరు ఈ.ఆర్.జె.-145. అదే కంపెనీని నిలబెట్టింది. దానినే కొంచెం కురచ చేసి 37 సీట్లతో 135 అనీ, 44 సీట్లతో 140 అనీ తమ్ముళ్ళను కూడా పుట్టించినారు.

కెనడాలో బొంబార్డియరు కంపెనీవారు అంతకు ముందే ఈ దారి పట్టినారు. షావుకార్లు తిరిగే చిన్న జెట్టును సాగదీసి యాభై సీట్ల సి.ఆర్.జె. అనే విమానాన్ని చేసినారు. అది 1991లో ఎగిరింది. నిజానికి ఈ జాతికి ఇంకా పాతవాడు రష్యా దేశపు యాక్-40. దాని మొదటి ఎగురుడు 1966లో. చిన్న ఊళ్ళ మట్టి మైదానాల్లో కూడా దిగేటట్టు దానిని తయారు చేసినారు.

యాభై సీట్లు చాలని చోట్లు ఉన్నవని ఎంబ్రాయరువారు గ్రహించి, 1999లో కొత్త కుటుంబాన్ని ప్రకటించినారు. ఇందులో నలుగురు అన్నదమ్ములు. ఈ-170 అనేది అందరికన్నా పొట్టివాడు, పొడవు సుమారు 30 మీటర్లు, డెబ్భై మంది పడుతారు. దానికంటే రెండు మీటర్లకు కాస్త తక్కువ పొడుగు ఈ-175, ఎనభై మంది దాకా పడుతారు. ఈ-190 పొడవు 36 మీటర్లు, ఈ-195 పొడవు 38 మీటర్లకు పైన. ఈ ఇద్దరిలో నూరు నుంచి నూట ఇరవై మంది దాకా పడుతారు. మొదటివాడు 2002లో ఎగిరి 2004లో పోలండు దేశంలో ప్రయాణికులను మోసినాడు. కడపటివాడు 2006లో పనిలోకి వచ్చినాడు.

ఇల్లు కట్టుకొన్నవారికి ఈ కిటుకు సులభంగా అర్థమవుతుంది. వంటిల్లు, దూలాలు, మెట్లు అట్లాగే ఉంచి, వెనుక ఒక గది పొడిగిస్తే ఇల్లు పెద్దదవుతుంది గాని కొత్త ఇల్లు కట్టిన ఖర్చు కాదు. అదే విధంగా 170కి నడుములో ఒక ముక్క కలిపితే 175 అయినది. 190కి బరువు ఎక్కువ గనుక రెక్కలు పెద్దవి చేసి, ఇంజనుల బలం పెంచినారు. కాని ముందరి గది మాత్రం నలుగురికీ ఒకటే. డ్రైవరు ముందున్న మీటర్లు, మీటలు, తెరలు ఒకటే. ఒకదానిని నడిపే అనుమతి ఉన్న పైలట్టు నాలుగింటినీ నడపవచ్చు. 170కీ 175కీ నూటికి సుమారు 95 వంతుల సామాను ఒక్కటే. మరమ్మతు చేసేవారికి రెండు గోదాములు అక్కరలేదు. ఈ ఉపాయం కోసమే విమానాలను కుటుంబాలుగా చేస్తారు.

లోపలి వెడల్పు కూడా ఆలోచించి చేసినారు. విమానం ఒళ్ళు కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, 8 అంకె మాదిరి రెండు గుండ్రాలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టుంటుంది. పై గుండ్రంలో మనుషులు, కింది గుండ్రంలో సామాను. అందుచేత చిన్న విమానమైనా తల వంచకుండా నడవవచ్చు. మా అమ్మ బస్సుతో పోల్చినది గాని, బస్సులో కంటే నిటారుగానే నడిచింది.

సీట్లను ఎవరు నిర్ణయిస్తారు?

ఈ నలుగురు అన్నదమ్ములలో ఎక్కువ అమ్ముడైనది 175. దానికి కారణం దాని అందచందాలు కావు, అమెరికా పైలట్ల సంఘాల ఒప్పందాలు. అక్కడ పెద్ద కంపెనీలు తమ చిన్న దారులను తక్కువ జీతాల కంపెనీలకు అప్పగిస్తూ వచ్చినవి. మా ఉద్యోగాలు పోతాయని పెద్ద కంపెనీల పైలట్లు పట్టుబట్టి హద్దు గీయించినారు. అట్లా అప్పగించే విమానంలో 76 సీట్లకు మించరాదు, బరువు 39 వేల కిలోలకు మించరాదు అని. ఆ హద్దులోపల ఇమిడేటట్టు ఉన్నది 175. అందుకని వందలకొద్దీ కొన్నారు.

తరువాత ఎంబ్రాయరువారు కొత్త ఇంజనులు, కొత్త రెక్కలు పెట్టి ఈ-2 అని రెండవ తరాన్ని 2013లో ప్రకటించినారు. 190 రెండవ తరం 2018లో నార్వే దేశంలో పనిలోకి వచ్చింది. 195 రెండవ తరం 2019లో బ్రెజిలులోనే వచ్చింది. ఇవి చమురు బాగా ఆదా చేస్తాయి. కాని 175 రెండవ తరానికి కొత్త ఇంజనుల వల్ల బరువు పెరిగి అమెరికావారి హద్దు దాటిపోయింది. 2019లో ఎగిరి కూడా కొనేవారు లేక 2022లో దాని పని ఆపి పెట్టినారు. విమానం బాగుండడం ఒకటి, రూలు కుదరడం ఒకటి. జపానులో మిత్సుబిషివారు తలపెట్టిన ప్రాంతీయ జెట్టు 2015లో ఎగిరి, ఎన్నో కోట్లు తిని, 2023లో పూర్తిగా రద్దయింది. ఇంజనీర్ల దేశమే గెలవలేని ఆట ఇది.

మన దేశంలోను ఒక హద్దు ఉండేది. ఎనభై సీట్లకు లోపు ఉన్న విమానం దిగినందుకు ప్రభుత్వ విమానాశ్రయాల్లో సుంకం లేదు. 40 వేల కిలోలకు లోపు బరువున్న విమానానికి పోసే చమురు మీద అమ్మకపు పన్ను నూటికి 4 మాత్రమే. పెద్ద విమానాలకు ఆ పన్ను రాష్ట్రాన్ని బట్టి మారేది, కొన్ని రాష్ట్రాలలో నూటికి పాతికకు పైన కూడా ఉండేది. విమానం నడిపే ఖర్చులో చమురు ఎంత పెద్ద పద్దో తెలిసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది. 170, 175 ఈ హద్దులోపల ఇముడుతాయి. 190 ఇమడదు, దాని బరువు 47 వేల కిలోలు దాటుతుంది. ఈ సంగతి ముందు పనికివస్తుంది, పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవలెను.

మదరాసులో ఒకటి, బెజవాడలో ఒకటి

ఈ హద్దును మొదట కనిపెట్టి వాడుకున్నది పారమౌంటు ఎయిర్‌వేస్. మధుర బట్టల వ్యాపార కుటుంబానికి చెందిన సంస్థ అది. 2005 అక్టోబరులో మదరాసు కేంద్రంగా ఎంబ్రాయరు 170, 175 విమానాలు నడిపింది. మన దేశంలో ఆ విమానాలు తెచ్చినవారు వారే మొదలు. మధుర, కోయంబత్తూరు, హైదరాబాదు, విశాఖపట్నం మొదలైన ఊళ్ళకు తిప్పినారు. వెడల్పు సీట్లు, మంచి భోజనం పెట్టి వ్యాపారస్థులను ఆకర్షించినారు. నాలుగైదేండ్లు పేరు తెచ్చుకొన్నారు. 2010లో విమానాలు బాడుగకిచ్చిన విదేశీ కంపెనీలతో తగాదాలు వచ్చి, విమానాలు చేజారి, సంస్థ నిలిచిపోయింది.

రెండవది ఎయిర్ కోస్టా. బెజవాడకు చెందిన ఎల్.ఇ.పి.ఎల్. అనే సంస్థవారు దీనిని పెట్టినారు. తీరాంధ్ర వారు తమ ఊరి పేరుమీద ఒక విమాన సంస్థ పెట్టడం చిన్న సంగతి కాదు. 2013 అక్టోబరులో ఈ-170 విమానాలతో మొదలుపెట్టి, తరువాత 190 కూడా తెచ్చినారు. మన దేశంలో 190 నడిపినవారు వారే మొదలు. బెజవాడ, మదరాసు, హైదరాబాదు, బెంగుళూరు, విశాఖపట్నం, జైపూరు, అహమదాబాదు ఊళ్ళను కలిపినారు. రాజస్థానుకూ కృష్ణా జిల్లాకూ ఏమి సంబంధమని అడిగేవారు బెజవాడ వన్‌టౌను బజారులో మార్వాడీ దుకాణాలు చూస్తే చాలు.

2014 ఫిబ్రవరిలో సింగపూరులో జరిగిన విమాన ప్రదర్శనలో ఈ సంస్థ యాభై రెండవ తరం విమానాలకు ఆర్డరు పెట్టింది. 190 ఇరవైయైదు, 195 ఇరవైయైదు. జాబితా ధర ప్రకారం 294 కోట్ల డాలర్లు. మన దేశం నుంచి ఆ రకానికి మొదటి ఆర్డరు అదే. తెలుగువారి సంస్థ పేరు ప్రపంచ పత్రికలలో పడిందని మనమంతా సంతోషించినాము. ఆ యాభైలో ఒక్కటి కూడా గన్నవరంలో దిగలేదు. 2016 ఆగస్టులో బాడుగకిచ్చిన కంపెనీతో వచ్చిన చిక్కువల్ల కొన్ని దినాలు విమానాలు ఆగినవి. మళ్ళీ లేచినవి. 2017 ఫిబ్రవరి 28న మళ్ళీ ఆగినవి. ఆ తరువాత లేవలేదు.

గుమాస్తా లెక్క

ఇతరుల వ్యాపారంలో తప్పులెన్నడం సులభం. మేము ఆ పని చేయము. ఆ సంస్థల పద్దు పుస్తకాలు మేము చూడలేదు. కాని ఈ వ్యాపారపు చిక్కు ఎక్కడ ఉన్నదో కాగితం మీద లెక్క వేసి చూపవచ్చు. ఈ అంకెలు ఏ కంపెనీవీ కావు, సంగతి తేటపడడానికి మేము వేసుకున్నవి.

డెబ్భై సీట్ల విమానం ఒకసారి పోవడానికి 3 లక్షల రూపాయలు ఖర్చు అనుకుందాము. నూట ఎనభై సీట్ల విమానానికి అదే దూరానికి 5 లక్షలు అనుకుందాము. సీట్లు రెండున్నర రెట్లు పెరిగినా ఖర్చు అన్ని రెట్లు పెరగదు. ఏమంటే రెండింటిలోను పైలట్లు ఇద్దరే. టిక్కెట్టు 5 వేలు అనుకుంటే చిన్న విమానానికి అరవైమంది వస్తే పెట్టుబడి వచ్చును. పెద్ద విమానానికి నూరుమంది రావలెను. ఒక దారిలో దినానికి డెబ్భై మందే ఉన్నారనుకోండి. చిన్నవాడికి లాభం, పెద్దవాడికి లక్షన్నర నష్టం. ఇంతవరకు చిన్న విమానమే తెలివైన బేరం.

ఇప్పుడు తిప్పి చూడండి. విమానం ఉన్నదని తెలిసి ప్రయాణికులు పెరిగి నూటయాభై మంది అయినారు. అప్పుడు పెద్ద కంపెనీ ఆ దారిలోకి వస్తుంది. నూటయాభై మంది ఎక్కితే దానికి తలకు 3,333 రూపాయలు మాత్రమే ఖర్చు. 3,500కు టిక్కెట్టు అమ్ముతుంది. చిన్నవాడి విమానం ఒక్క సీటూ ఖాళీ లేకుండా నిండినా తలకు 4,285 రూపాయలకు పైన ఖర్చు పడుతుంది. వాడు ఎట్లా పోటీ చేస్తాడు? జనం తక్కువైతే నష్టం, జనం ఎక్కువైతే పెద్దవాడు వచ్చి దారి లాగుకొంటాడు. అరవై మందికీ నూరుమందికీ నడుమ ఉన్న సన్నటి గట్టు మీద చిన్నవాడు నడవవలెను. అడవి నరికి చేను చేసేవాడు ఒకడు, పంట కోసుకొనేవాడు ఇంకొకడు అవుతున్నది.

పెరిగిన జనానికి తగినట్టు 190 తెద్దామంటే, ముందు చెప్పిన హద్దు అడ్డు వస్తుంది. నూరు సీట్ల విమానం కాబట్టి దిగితే సుంకం, చమురుకు పూర్తి పన్ను. అన్నదమ్ములు ఒకే కుటుంబమైనా, సర్కారు లెక్కలో ఒకడు చిన్నవాడు, ఒకడు పెద్దవాడు.

బాడుగ మరొక చిక్కు. మన విమాన సంస్థలు చాలా భాగం విమానాలు కొనవు, విదేశాలలో బాడుగకు తెచ్చుకొంటాయి. బాడుగ డాలర్లలో కట్టవలెను, టిక్కెట్లు రూపాయలలో అమ్మవలెను. 2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది. బెజవాడ సంస్థ మొదలైనది ఆ మరుసటి అక్టోబరులోనే. ఇంటి బాడుగ పెరిగితే ఇల్లు మారవచ్చు. విమానం బాడుగ తప్పితే విమానమే లేచిపోతుంది. వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని విమానాలున్న సంస్థకు ఒకటి మరమ్మతుకు పోయినా, ఒకటి వెనక్కు పోయినా, ఆ దినపు సర్వీసులలో పాతిక వంతో మూడోవంతో పడిపోతుంది. టిక్కెట్టు కొన్నవాడికి నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన తరువాత టిక్కెట్టు తక్కువ ధరకు అమ్మినా ఫలము లేదు.

రెండు నెలల తేడా

ఇందులో మాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి ఒకటి ఉన్నది. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపేవారికి ఖాళీ సీట్ల నష్టం కొంత ప్రభుత్వమే భరించే ఏర్పాటు ఉడాన్ పథకం. దాని కింద మొదటి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరినవి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి, మన కడప నుంచి హైదరాబాదుకు ఒకటి, నాందేడు నుంచి హైదరాబాదుకు ఒకటి. బెజవాడ సంస్థ ఆగిపోయినది ఫిబ్రవరి 28న. సుమారు రెండు నెలలు. ఉడాన్ వచ్చి ఉంటే అది బ్రతికేదని మేము చెప్పలేము. పథకం ముఖ్యంగా అంతవరకు విమానమే లేని ఊళ్ళ కోసం. కాని వైద్యుడు వచ్చేసరికి రోగి కన్ను మూసినట్టయింది.

కడప విమానం నడిపినది ట్రూజెట్ అనే హైదరాబాదు సంస్థ. వారివి జెట్టులు కావు, పంకాల ఏ.టి.ఆర్. విమానాలు. జెట్టు గంటకు 800 కిలోమీటర్లు పోతే ఇవి 500 పోతాయి. రెండు వందల మూడు వందల కిలోమీటర్ల దూరానికి ఆ తేడా పదిహేను ఇరవై నిమిషాలకు మించదు, చమురు మాత్రం చాలా ఆదా. కాబట్టి దగ్గర ఊళ్ళకు పంకాలు మేలు, ఐదారు వందల కిలోమీటర్లు దాటితే చిన్న జెట్టు మేలు అన్నది మా అభిప్రాయం. ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది. దీనిని బట్టి చిక్కు జెట్టులో లేదు, చిన్న సంస్థ పెద్ద వ్యాపారంలో నిలబడడంలో ఉన్నదని తెలుస్తున్నది.

అయినా కథ ముగియలేదు. కర్ణాటకలో స్టార్ ఎయిర్ అనే సంస్థ 2019లో యాభై సీట్ల పాత ఈ.ఆర్.జె.-145 విమానాలతో మొదలుపెట్టింది. బెళగావి, కలబురగి వంటి ఊళ్ళను పట్టుకొన్నది. 2021 జనవరి 11న కలబురగి నుంచి మన తిరుపతికి ఉడాన్ కింద విమానం తెచ్చింది. 2023లో ఈ-175 లను కూడా తెచ్చుకొన్నది. మదరాసు సంస్థ పద్దెనిమిదేండ్ల నాడు మొదట తెచ్చిన రకమే అది. పెద్దవారు రాలేని ఊళ్ళు ఎన్నుకోవడం, హద్దు దాటని విమానం ఎన్నుకోవడం, మెల్లగా పెరగడం అన్న మూడూ ఇందులో కనబడుతున్నవి. ముందు పోయిన ఇద్దరి దారి చూచి మూడవవాడు అడుగు వేసినట్టున్నది.

మనకు కావలసినది

ఊత్తుకోటవారికి ఇవన్నీ దూరపు మాటలుగా తోచవచ్చు. కాని మన స్థితి ఒకసారి చూడండి. 1960 ఏప్రిల్ 1న పటాస్కరు గారి తీర్పు ప్రకారం తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రకు పోయినవి. సరిహద్దు మన వీధి చివర నిలబడింది. గీత గీసినా సంబంధాలు ఆగలేదు. పిల్లనిచ్చేది అక్కడ, చదివించేది ఇక్కడ. 1996 నుంచి కృష్ణ నీళ్ళు కండలేరు కాలువలో నడిచి వచ్చి మన ఊరి దగ్గరే తమిళనాడులో అడుగుపెడుతున్నవి. నీళ్ళకు వచ్చే దారి ఉన్నది. ఇవాళ మన పిల్లలు బెజవాడలోను, విశాఖలోను, హైదరాబాదులోను ఉద్యోగాలు చేస్తున్నారు. మన పెద్దలు ఇక్కడ ఉన్నారు. ఒక శుభానికి గాని, అశుభానికి గాని ఆరేడు గంటల దూరం ఒక్కొక్కప్పుడు పనికిరాదు.

మనకు ఇటు మీనంబాకం, అటు రేణిగుంట, రెండు విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నవి. నాగలాపురం, పుత్తూరు మీదుగా పోతే రేణిగుంటకు మదరాసు రద్దీ లేకుండా చేరవచ్చును. ఈ సంగతి మన వాళ్ళలో చాలామందికి తట్టదు. విమానమంటే మీనంబాకమే అనుకొంటారు. చిన్న విమానాశ్రయం నుంచి చిన్న విమానం నడవాలంటే అరవైమంది ఎక్కవలెను. ఆ అరవైమందిలో మనం ఇద్దరం ముగ్గురం ఉండగలమా అని చూచుకోవలెను. సర్వీసు పెట్టినప్పుడు పూలదండలు వేసి, తరువాత నూరు రూపాయల తేడాకు మదరాసుకు పరుగెత్తితే, ఆగిపోయిన నాడు విచారించే హక్కు మనకు ఎంతవరకు ఉన్నది?

ఇంకొక మాట. మన సంఘంలో చిన్న వ్యాపారాలు చేసుకొనేవారు ఎందరో ఉన్నారు. డెబ్భై సీట్ల విమానం కథలో వారికీ ఒక సంగతి ఉన్నది. సరుకు మంచిదైతే చాలదు. మొదటి సంవత్సరం బాగా నడిచిన తరువాతనే అసలు పరీక్ష వస్తుంది. అప్పటికి చేతిలో నిలువ ఉన్నదా, లేక బాడుగ మీదనే బండి నడుస్తున్నదా అన్నదే ఆ పరీక్ష. యాభై విమానాల ఆర్డరు కంటే ఆరు నెలల బాడుగ పెట్టెలో ఉండడం మేలని మా గుమాస్తా బుద్ధికి తోస్తుంది. పెద్దవారు కాదంటే సరిదిద్దుకొంటాము.

మా అమ్మకు ఇప్పుడు డెబ్భై ఎనిమిది. మోకాళ్ళ నొప్పులతో మిద్దె ఎక్కడం మానివేసింది. మొన్న ఒకనాడు మా పాప దీపాలు లెక్కపెడుతూ, "నాయనమ్మా, నువ్వు ఎక్కింది పెద్దదా, చిన్నదా?" అని మిద్దెమీద నుంచి కేక వేసి అడిగింది. అమ్మ కింద నుంచే జవాబు చెప్పింది:

"చిన్నదే. అయినా అందుకొన్నది."